నూలు, నార, కలము: నెల్లూరు తీరమున చేతుల చదువు

పొట్టకూటికై కాక మనసు కోరినందున బుట్ట అల్లుకొనువారు, అరచేతియంత గుడ్డమీద ఒక చిలుకను వ్రాసికొనువారు మన నడుమ ఎందరో కలరు. వారి వ్యాపకమునకు ఈ తీరమున గొప్ప పూర్వచరిత్ర కలదు. దానితోపాటు ఒక బాధ్యతయు కలదు.

పెన్నానది సముద్రమును చేరుకొను ఊటుకూరు మొదలుకొని దక్షిణమున పులికాటు సరస్సు వరకు సాగిన ఇసుకనేల పైకి చూచుటకు బీదనేలగానే తోచును. ఒకవైపు బంగాళాఖాతము, మరియొకవైపు బకింగ్‌హాము కాలువ, నడుమ తాటితోపులు, సరుగుడు తోటలు, మొగలిపొదలు, ఉప్పుకయ్యలు; ఇంతకుమించి కంటికి ఆనునది తక్కువ. అయినను ఈ నేలమీద పుట్టినవారి చేతికి ఏదో యొక పోగు ఎల్లప్పుడును తగులుచునే వచ్చినది. చేపలు పట్టు పట్టపువారి ఇండ్లలో వలదారము, తోపులలో తాటినారయు తాటాకును, చెరువుగట్లమీద తుంగ, కోవూరు చెంతనున్న పాటూరు మగ్గములపై సన్ననూలు, ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే అయి వెలుగోటి రాజుల ఆదరణలో వర్ధిల్లిన వెంకటగిరిలో జరీతో జతగూడిన జాందానీ పోగు: ఇన్ని విధములైన పోగులు ఒక్క సీమలో కూడినవి గనుకనే ఇచ్చటివారికి చేతిపని కొత్తగా నేర్చుకొనవలసిన విద్యవలె కాక చిన్ననాటనే కంటబడు విద్యగా నున్నది.

ఈ వృత్తుల నీడలోనే మరియొక చిన్నలోకము పెరిగినది. బడినుండి ఇల్లు చేరిన ఉపాధ్యాయిని దీపాలవేళ క్రోషే సూది చేతబట్టును. పదవీవిరమణ చేసిన గుమాస్తా మైపాడు సముద్రమును పోస్టుకార్డంత కాగితముమీద నీటిరంగులతో దింపుకొనును. పిల్లలను బడికి పంపిన ఇల్లాలు రంగురంగుల వైరుతో బుట్ట అల్లి ఆడబిడ్డకు కానుకగా పంపును. ఇంజనీరింగు చదువుచున్న అమ్మాయి సెలవులలో కలంకారీ కలము పట్టుట నేర్చుకొనును. వీరిలో ఎవరికిని ఆ పని కూడుపెట్టదు. పెట్టవలసిన అగత్యమును లేదు. “ఇంత చదువు చదివి ఈ అల్లికలేమిటమ్మా?” అని అడుగువారు మాత్రము ప్రతి యింటను ఒకరుందురు. ఆ ప్రశ్నకు నిండుమనసుతో సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఒక చేతిపనిని ఇష్టముకొలది నేర్చినవారు, ఆ పనిచే బ్రతుకువారికి తొలి రసజ్ఞులగుదురు. కవికి సహృదయుడైన పాఠకుడు ఎంత అవసరమో, నేతగానికి, చిత్రకారునకు, బుట్టలల్లు స్త్రీకి తమ పనిలోని కష్టమును, అందమును ఎరిగిన కన్ను అంత అవసరము. ఆ కన్ను కొరవడిన సమాజమున ఎంతటి చేతివిద్యయైనను అంగడి ధరకు లొంగి క్షీణించిపోవును.

పల్లిపాడు నేర్పిన పాఠము

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము, జూన్ నెలాఖరులోగా తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెననియు, కోటిమంది సభ్యులను చేర్పవలెననియు, దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెననియు తీర్మానించినది. ఆ వెంటనే, ఏప్రిల్ 7వ తేదీన, గాంధీమహాత్ముడు నెల్లూరునకు సమీపమున పెన్న యొడ్డుననున్న పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ఆ సంస్థకు ప్రాణముపోసిరి. పొణకా కనకమ్మ దానికి భూమి నిచ్చి అండగా నిలిచిరి. ఆ కనకమ్మయే 1923లో నెల్లూరున బాలికల చదువుకై కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించి, ఆడపిల్లల స్వావలంబనకు జీవితమంతయు ధారపోసిరి.

బెజవాడ పిలుపు విని ఆ కాలమున పల్లిపాడు వంటి చోట్ల రాట్నము ముందు కూర్చున్నవారిలో పెక్కుమందికి నూలు వడకుట కులవృత్తి కాదు, జీవనాధారమును కాదు. వకీళ్లు, భూస్వాముల ఇండ్ల స్త్రీలు, సంస్కృత పండితులు, కళాశాలలు విడిచివచ్చిన యువకులు ఏకు చేతబట్టిరి. వడకుట ఎంత సులభముగా కనబడునో అంత సులభము కాదని చేయివేసినవారికే తెలియును. కుడిచేయి చక్రమును త్రిప్పుచుండ, ఏకు పట్టిన ఎడమచేయి కదురు మొననుండి మెల్లగా వెనుకకు జరుగవలెను. ఈ రెండు వేగములకును పొత్తు కుదరవలెను. ఎడమచేయి తొందరపడినచో పురి చాలక పోగు తెగును. చక్రము తొందరపడినచో పురి మితిమీరి పోగు తనలో తాను మెలికపడును. తొలి దినములలో వచ్చు నూలు ఒకచోట లావు, ఒకచోట వెంట్రుకంత సన్నము. దానిని మగ్గమున కెక్కించిన నేతగాడు పడు పాట్లు చెప్పనలవి కానివి.

1924 డిసెంబరులో బెల్గాము కాంగ్రెసు, సభ్యుడైనవాడు నెలకు 2,000 గజముల నూలు ఇయ్యవలెనని నియమము చేసినది. నియమము కఠినమై, మరుసటి సంవత్సరమే దానిని సడలింపవలసి వచ్చినది. ఆ నూలు దేశమునకు ఎంత గుడ్డ సమకూర్చినదను లెక్కలను ఆర్థికవేత్తలకు విడిచిపెట్టుదము. నాకు ముఖ్యమని తోచునది వేరొకటి. బజారులో గుడ్డను గజములలెక్కన కొనుటకు మాత్రమే అలవాటుపడిన చదువరులు, ఒక గజము నూలు వెనుక ఎన్ని తెగుటలు, ఎన్ని ముడులు, ఎంత నడుమునొప్పి యున్నవో తమ వ్రేళ్లతో తెలిసికొనిరి. అంతవరకు నేతగానిని దూరమున నిలిపిన వర్గమునకు ఆ విద్యయందు గౌరవము కలుగుటకు ఉపన్యాసములు చాలలేదు, రాట్నము కావలసివచ్చినది. నేడు సాయంకాలము ఊలుదారమునో, నూలుదారమునో చేతబట్టు గృహిణి ఎరిగియో ఎరుగకయో ఆ పల్లిపాడు బాటలోనే నడచుచున్నది.

స్వర్ణముఖి నీటిలో తేలిన రంగు

నెల్లూరు తీరమున సముద్రము చేరు నదులలో స్వర్ణముఖి యొకటి. శ్రీకాళహస్తి గుడిప్రక్కగా ప్రవహించి, నాయుడుపేట మీదుగా వచ్చి, వాకాడు ప్రాంతమున సముద్రగామి యగు ఈ నది వెంట కలంకారీ విద్య పెరిగినది. రంగు వేసిన గుడ్డకు పారునీటి స్నానము ప్రాణము వంటిది గనుక, ఏటియొడ్డు లేక ఈ కళ లేదు. పౌరాణిక గాథలను గుడ్డమీద గడులు గడులుగా వ్రాసి, గుడులలో తెరలుగా వ్రేలాడగట్టుట శ్రీకాళహస్తివారి సంప్రదాయము.

రంగుల గుడ్డకు ఈ తీరము ప్రపంచమున పేరుమోసిన కాలమొకటి కలదు. 1613లో డచ్చివారు పులికాటున కోట కట్టిరి. 1626 ప్రాంతమున ఆంగ్లేయులు నేటి దుగరాజపట్టణమున, తాము అర్మగామని పిలిచిన రేవున, వర్తకశాల పెట్టిరి. వారినందరను ఇచ్చటికి రప్పించిన సరకులలో కోరమాండల్ గుడ్డ ప్రధానమైనది. ఆ అర్మగాము వర్తకశాల నుండియే ఫ్రాన్సిస్ డే బయలుదేరి 1639లో చెన్నపట్టణమునకు పునాది వేసెను. ఉతికినను వెలియని మన పూలగుడ్డలు ఐరోపా ఇండ్లలో ఎంతగా చొచ్చుకొనిపోయినవనగా, తమ నేతగాండ్రు దెబ్బతిందురను భయముతో ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించినది. ఇంగ్లండు 1701లో ఒకమారు, 1721లో మరింత కఠినముగా మరియొకమారు శాసనములు చేసినది. రాజశాసనము లేనిదే అడ్డుకొనలేనంతటి ఆకర్షణ ఒక వెదురుపుల్ల కొననుండి వెలువడినదని తలచుకొనిన ఒళ్లు పులకించును.

ఆ పిమ్మట మరగుడ్డ వచ్చినది, ప్రోత్సాహము తగ్గినది. స్వాతంత్ర్యము వచ్చునాటికి శ్రీకాళహస్తిలో కలము పట్టుచేతులు కొలదిగానే మిగిలినవి. కమలాదేవీ చటోపాధ్యాయ చొరవచే 1950ల చివర అచ్చట శిక్షణకేంద్ర మేర్పడగా, ఆ కేంద్రమున అభ్యసించిన జొన్నలగడ్డ గురప్పశెట్టి జీవితమంతయు వ్రాసి, నేర్పి, 2008లో పద్మశ్రీ పురస్కార మందుకొనిరి. ఒక్క కేంద్రము, కొందరు గురువులు, పట్టుదలగల కొందరు శిష్యులు కలిసి ఒక కళను తిరిగి నిలిపిన వృత్తాంతమిది. తరువాతి కాలమున ఎందరో ఈ కలమును కేవల మిష్టముచే నేర్చుకొనుటకు ముందుకు వచ్చుట దాని ఫలమే.

అరచేతియంత గుడ్డ

కలంకారీ పని ఎట్టిదో దగ్గరగా చూడవలెనన్న ఒక చిన్న గుడ్డ చాలును. గంజి పోవునట్లు బాగుగా ఉతికిన ముతక నేతగుడ్డను, కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెట్టుదురు. కరక్కాయలోని వగరు రంగును పోగులో పట్టి నిలుపును. పాలలోని జిడ్డు గీతను ప్రాకనీయక అదుపులో నుంచును. ఆరిన గుడ్డ లేత పసుపువన్నెకు తిరిగి, ముక్కునకు పాలవాసన కొట్టుచుండును. దానిమీద కాల్చిన చింతపుల్ల బొగ్గుతో తేలికగా రేఖ గీసికొందురు.

కలమన్నది కొన చెక్కిన వెదురుపుల్ల. కొనకు కొంచెము పైగా ఉన్నియో గుడ్డయో చుట్టి దారముతో బిగించి కట్టుదురు. ఆ చుట్టను రంగులో ముంచి, వ్రేళ్లతో ఒత్తిన కొలది రంగు కొనకు దిగును. ఎంత ఒత్తవలెనో ఏ గ్రంథమును చెప్పలేదు. ఎక్కువైన చుక్క పడును, తక్కువైన గీత మధ్యలో ఎండిపోవును. నలుపు రంగు మరింత విచిత్రమైనది. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి, కుండకు మూతపెట్టి, రెండు మూడు వారములు పులియనిచ్చి తీసిన ఆ ద్రవము చూచుటకు పలుచని గోధుమవన్నె నీరే. ఆ నీటితో గీత గీయగనే, గుడ్డలో దాగియున్న కరక్కాయ వగరుతో ఇనుము కలిసి, చూచుచుండగనే గీత నల్లబడును. మొదటిమారు చూచినవారు పెద్దలైనను పిల్లలవలె నోరు తెరచి చూతురు.

ఎరుపునకు పటిక కావలెను. ఎరుపు రావలసినచోట పటికనీరు పూసి, ఆరనిచ్చి, అధికముగా నున్న పటిక పోవునట్లు పారునీటిలో జాడించి, మంజిష్ఠ మొదలగు వేళ్లును చెక్కలును వేసిన నీటిలో ఉడికించినచో, పటిక సోకినచోటనే ఎరుపు చిక్కబడి నిలుచును. పూర్వము ఈ ఎరుపునకు చిరివేరు పేరుపడినది. అది కోరమాండల్ తీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్నమొక్క వేరు. నీలమునకు నీలిమందు, 19వ శతాబ్దమున నెల్లూరు, కడప సీమలు దాని సాగుకు ప్రసిద్ధి చెందినవి. పసుపుమీద నీలము పడిన ఆకుపచ్చ. ఈ విధముగా మన పెరటి కుండలో, మూలికల అంగడిలో, ఏటినీటిలో దొరకు వానితోనే ఒక వర్ణప్రపంచము సిద్ధించుచున్నది.

ఇంటివద్ద ఒక చిన్న గుడ్డమీద ఒకే చిలుకను ఈ క్రమమున పూర్తిచేసినవారు, పిమ్మట ఆరుగజముల చీరనిండ రామాయణము వ్రాసిన గుడ్డను చూచినప్పుడు ధర అడుగుటకు ముందు మౌనము వహింతురు. ఆ మౌనము కొనుగోలుదారునకు రావలసిన మొదటి సంస్కారము. అచ్చుగుద్దిన గుడ్డకును చేతితో వ్రాసిన గుడ్డకును భేదమును గుర్తించుట, చేతిగీతలోని సన్నపు వణకును లోపముగా కాక సంతకముగా గ్రహించుట, తామొక గీత గీసి చూచినవారికే సాధ్యము.

తాటాకు, క్రోషే సూది, ఒక హెచ్చరిక

పులికాటు సరస్సు దక్షిణపుటొడ్డున, తమిళనాటి పళవేర్కాడులో, స్త్రీలు తాటాకుతో రంగుల బుట్టలు, మూతపెట్టెలు అల్లుదురు. చేతబట్టిన తాటాకు చేతికి ఎదురుతిరుగు స్వభావము కలది. ముదురాకు పనికిరాదు, చెట్టుమొవ్వునుండి విచ్చీవిచ్చని లేతాకును కోసి, ఆరబెట్టి, ఈనె తీసివేసి, ఒకే వెడల్పుగల పాయలుగా చీల్చవలెను. ఎండిన పాయ పెళుసై విరుగును గనుక తడిచేతితో తుడుచుచు అల్లవలెను. బుట్ట అడుగు అల్లుట సులభము. అడుగునుండి ప్రక్కలను పైకెత్తు మలుపునందే పనివారి నేర్పు తెలియును. ఆ మలుపున పాయ వదులైనచో బుట్ట జీవితాంతము వంకరగనే నిలుచును. వైరుబుట్ట అల్లిన మన ఇల్లాండ్రకు ఈ మలుపు కష్టము చక్కగా తెలియును. వస్తువు మారినను చేతిలెక్క ఒక్కటే.

వల అల్లుటయు అట్టిదే. నైలాను వల వచ్చుటకు పూర్వము నూలుదారముతో వల అల్లుకొనిన కాలమున, ఒక వెదురుబద్దను కొలతగా పెట్టుకొని, ప్రతి కన్నును సమానముగా బిగించుట పిల్లలు తాతల ఒడిచెంత కూర్చుండి నేర్చిన విద్య. యంత్రపు వలలు వచ్చినను చిరుగు పడిన వలను బాగుచేయుటకు నేటికిని ఆ చేతివిద్యయే శరణ్యము. తీరమున ఏ పల్లెలోనైనను ఇసుకమీద వల పరచుకొని కాలిబొటనవ్రేలికి దారము తగిలించి కూర్చున్న పెద్దలు కానవత్తురు.

ఇక క్రోషే. తెలుగునాట దీని కథ చెప్పునప్పుడు నరసాపురమును విడువరాదు. 19వ శతాబ్ది నడుమ క్రైస్తవ మిషనరీలు గోదావరి మండలమున నేర్పిన లేసు అల్లిక వేలాది ఇండ్లకు వ్యాపించి, విదేశములకు ఎగుమతియగు సరకైనది. జర్మను సామాజిక శాస్త్రవేత్త్రి మరియా మీస్ అచ్చటి స్త్రీలను పరిశీలించి 1982లో ప్రకటించిన గ్రంథము నాకు కనువిప్పు కలిగించినది. దినమున గంటల తరబడి అల్లుచున్న ఆ స్త్రీల పనిని, ఇంటిలో కూర్చున్నవారు తీరికవేళలలో చేసికొను వ్యాపకముగా లెక్కగట్టి, అందువలన వారికి అత్యల్పమైన కూలి యిచ్చుట సబబేయని వర్తకులును సమాజమును నమ్మిన వైనమును ఆమె ఆ గ్రంథమున బయటపెట్టినది. వారు అల్లిన లేసు సముద్రములు దాటినది. వారు మాత్రము శ్రామికులుగా లెక్కకైనను రాలేదు.

చేతిపనిని వ్యాపకముగా ప్రేమించు మనము ఈ సత్యమును మరువరాదు. మనకు విశ్రాంతి నిచ్చునది మరియొకరికి అన్నము పెట్టునది. మన ఇష్టపుపనిని చూపి వారి కష్టమునకు ధర తగ్గించుట అన్యాయము. “ఇది మా అమ్మాయి ఆదివారము పూట అల్లుచున్నదే, దీనికి ఇంత ధరయా?” అను మాట మన నోట రాకూడదు. మనము అల్లినదానిని అమ్మదలచిన పక్షమున, దారపు ఖర్చుకు మాత్రమే యిచ్చి వృత్తిదారుల ధరను పడగొట్టక, మన గంటలకును వెలకట్టి అమ్మవలెను. అట్లు కానిచో కానుకగానే యిచ్చివేయుట మేలు. కానుకకు అంగడిని చెరచు దోషము లేదు.

చిన్నచిత్రము యొక్క చనువు

ఇక చిత్రలేఖనము. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో జీవితమునందు పెద్దభాగము గడిపిన సంజీవదేవ్ (1914–1999) వ్యాసకర్తగా ఎంత ప్రసిద్ధుడో, పేస్టెలుతోను నీటిరంగులతోను ప్రకృతిదృశ్యములు చిత్రించిన చిత్రకారుడుగాను అంత ఆదరణీయుడు. పల్లెటూరిలో కూర్చుండి లోకమంతటితోను లేఖలు నడపిన ఆ రసికునకు చిత్రలేఖనము జీవితమును చూచు పద్ధతి. రవీంద్రుడు అరువదియేండ్లు దాటిన పిమ్మట, తన వ్రాతప్రతులలో కొట్టివేతలను ఆకృతులుగా మార్చుచు మార్చుచు చిత్రకారుడై, 1930లో పారిసున తన చిత్రములను ప్రదర్శించెను. ఆలస్యమైనదని విచారించువారికి ఇంతకన్న ధైర్యము చెప్పు దృష్టాంతము నాకు తెలియదు.

పెద్ద పటము గదిని, ధనమును, తీరికను కోరును. పోస్టుకార్డంత కాగితము మనము ఇయ్యగలిగిన అరగంటనే స్వీకరించును. మైపాడు తీరమున ఉదయము ఆరుగంటలకు కూర్చుండి ఆ కాగితముమీద సముద్రమును వ్రాయబూనినవారికి మొదట తెలియు సంగతి, సముద్రము నీలము కాదన్నది. పెన్న వరదనీరు కలిసిన దినములలో అది మట్టివన్నె. మబ్బుపట్టిన దినమున సీసపువన్నె. అల వెనుకకు తగ్గిన క్షణమున తడియిసుక ఆకాశపు రంగును తనమీద వేసికొనును, మరుక్షణమున విడిచివేయును. ఏండ్లకొలది ఆ తీరమున తిరిగినవారికి కనబడని ఈ విషయములు కుంచె పట్టిన వారమునకే కనబడుట ఈ వ్యాపకమిచ్చు ప్రథమఫలము. చిత్రము బాగుండుట బాగుండకపోవుట పిమ్మటి మాట.

ఇట్టి వ్యాపకమిచ్చు మనశ్శాంతి సంగతి వైద్యశాస్త్రమును కొంత పరిశీలించినది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున గిరిజా కైమల్ బృందము 2016లో ప్రకటించిన అధ్యయనమున, 39 మంది పెద్దలు 45 నిమిషములు తమకు తోచిన బొమ్మలు చేసికొనగా, వారిలో నూటికి 75 మందికి శరీరమున మానసికోద్వేగమును సూచించు కార్టిసాల్ తగ్గినది. పూర్వానుభవము గలవారికిని లేనివారికిని ఈ విషయమున చెప్పదగిన భేదము కనబడలేదు. పరిశీలన చిన్నదే, అయినను “నాకు బొమ్మలు రావు” అని వెనుదీయువారికి అది మంచి ప్రోత్సాహము.

చేయవలసినది

ఈ తీరమున ప్రతి బడికిని వారమున ఒక గంట చేతిపనికి కేటాయింపదగును. ఆ గంటను పుస్తకములోని పాఠముగా కాక, ఆ యూరి వల అల్లు తాతను, చాప నేయు అవ్వను, పాటూరు నేతగానిని, శ్రీకాళహస్తి కలంకారీ గురువును పిలిచి, తగిన పారితోషికము నిచ్చి, వారిచేతనే చెప్పింపవలెను. ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చున్న నేతగానిని చూచి పెరిగిన బిడ్డ పెద్దయై అతనిని చిన్నచూపు చూడడు. ఇంటివద్ద మొదలుపెట్టువారు ఒక్క పనినే పట్టుకొని, అది చేతికి వచ్చువరకు రెండవదానికి పోకుండుట మంచిది. క్రోషేలో గొలుసుకుట్టు సమానముగా పడువరకు పూలజోలికి పోరాదు, కలముతో తిన్నని గీత నిలుచువరకు దేవతల ముఖములు వ్రాయబోరాదు. నేర్చుకొన్న పిమ్మట వృత్తిదారుని ఇంటికి పోయి, అతని పనిని చూచి, ఒక్కటైనను అతడు చెప్పిన ధరకే కొనవలెను. బేరమాడక కొన్న ఆ ఒక్క గుడ్డ, ఆ ఒక్క బుట్ట, అతని కుమారుడు ఆ మగ్గమునో ఆ కలమునో విడిచిపెట్టక నిలుచుటకు తోడ్పడును. పల్లిపాడు రాట్నము మన పెద్దలకు శ్రమయందు గౌరవము నేర్పినది. వారి మనుమలమైన మనము ఆ గౌరవమును సొమ్ముగా మార్చి పనివారి చేతిలో పెట్టగలిగిననాడే మన ఆదివారపు అల్లికలకును, చిన్నచిత్రములకును సార్థకత చేకూరును.